నేల విడిచిన ఇల్లు

మా వంటగదిలో
ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంటే ఓవెన్ తలుపు తెరుచుకోదు.
పెరుగు తీసి, మూసి, పక్కకి జరిగి,
అప్పుడు కేకు సంగతి.
తొమ్మిదేళ్లుగా ఒకరికొకరం దారి ఇచ్చుకుంటున్నాం
నేనూ, మురహరీ, ఆ రెండు తలుపులూ.

మార్చిలో మారెక్ వచ్చి
పెరట్లో రాతిపలకల మీద సుద్దతో గీశాడు,
మూడు మీటర్లు ఇటు, నాలుగు అటు.
ఆ గీత లోపల నిలబడి
లేని పొయ్యి మీద లేని పోపు పెట్టాను.
"అనుమతి ఉందా?" అన్నాడు.
కౌన్సిల్ అక్కర్లేదంది అన్నాను.
"కౌన్సిల్ కాదు. నేల ఎవరిది?"

నేలంటే అప్పటిదాకా నాకు
ఏటా వచ్చే ఒక కవరు.
మూడు పౌండ్ల పది షిల్లింగులని పాత దస్తావేజులో,
మూడున్నరని కొత్త రసీదులో.
బోల్టన్‌లో మా వీధి వీధంతా ఇంతే.
ఇటుకలు మావి, పెంకులు మావి,
కారే చోటు మరీ మాది,
కింద మన్ను మాత్రం
లీడ్స్‌లో ఓ మూడో అంతస్తు ఆఫీసుది.
నేల విడిచి సాము అంటారే,
పాతికేళ్ల అప్పు తీసుకుని మరీ చేస్తున్నాం.

ఆ రాత్రి దస్తావేజు తీసి చదివాను.
పంతొమ్మిది వందల ఒకటి నుంచి
తొమ్మిది వందల తొంభై తొమ్మిదేళ్ల కౌలు.
పందుల్ని పెంచరాదు. సబ్బు వండరాదు.
ఆదివారం బట్టలు ఆరవేయరాదు
(తీగ మీద మురహరి లుంగీ, అదీ ఆదివారమే).
రాతపూర్వక అంగీకారం లేనిదే
ఒక్క ఇటుకైనా కలపరాదు.

లీడ్స్ జవాబు రాసింది.
అంగీకారానికి తొమ్మిది వందలు,
ప్లాను చూసినందుకు విడిగా నాలుగు వందలు.
కాదంటే నేలే కొనుక్కోండి, మూడు వేల రెండు వందలు,
మా లాయరు ఫీజు కూడా మీదే.
గడువు ఇరవై ఎనిమిది రోజులు.

మురహరి కవరు వెనక లెక్క కట్టాడు.
ఇంకా ఎనిమిది వందల డెబ్బై అయిదేళ్లు, ఏడాదికి మూడున్నర,
ఆఖరి రోజుదాకా కట్టినా మూడు వేల అరవై రెండున్నర.
"కొంటే నష్టం! చివర్లో తలుపు కొట్టేవాడికి
టీ ఇచ్చి పంపిద్దాంలే."
నాకు ఏళ్లతో పేచీ లేదు.
నా పోపుగిన్నెకి ఎవడిదో సంతకం కావాలంటేనే
మండుతోంది.

గోడ అవతల నుంచి ఎంట్విసిల్ గారి భార్య, తన మాటగా:
"మా ఆయన అడక్కుండా పావురాలకి గూడు కట్టాడు.
ఆయన పోయాడు, పావురాలూ పోయాయి, గూడు పీకించాను.
ఇల్లు అమ్మబోతే కాగితమేదన్నారు.
లేని గూటికి అనుమతి కొన్నానమ్మాయ్,
ఆరు వందలు."
ఆ వారమంతా వాన.
మారెక్ గీసిన గోడలు
చూరునీళ్లతో పాటు కాలవలోకి పోయాయి.

కొన్నా మొత్తం మీది కాదు, అంది ఫోన్లో మా లాయరు.
గనులూ ఖనిజాలూ పాత ఎస్టేటు వాళ్లవే.
"బొగ్గా?"
"ఉంటే."
అయితే మా సొంతం ఎంత లోతు?
ముల్లంగి లోతా, పునాది లోతా,
చచ్చిన చిలకని పాతిపెట్టేంత లోతా?
ఆవిడ గట్టిగా నవ్వింది.
ఆ నవ్వు కూడా బిల్లులో ఎక్కింది, ఆరు నిమిషాల కింద.

ఇరవై ఏడో రోజు సంతకాలు పెట్టాం.
వంటగదికని దాచిందంతా
వంటగది కిందకి పోయింది.
మారెక్ వచ్చే వసంతానికి చూద్దామన్నాడు.

ఇవాళ ఎండ కాసింది.
పాప డబ్బాలోంచి గులాబీ రంగు సుద్ద తీసి
నేనే గీశాను, కొంచెం వంకరగా,
ప్లాను కంటే అడుగు ఎక్కువే.
ఎవరినీ అడగలేదు.
లోపలికొచ్చి ఓవెన్ తీయబోతే
రాలేదు.
ముందు ఫ్రిజ్ మూయాలి.